మాటకిచ్చిన బియ్యం

పనసగుడలో తెల్లవారడమంటే సూర్యుడు కనిపించడం కాదు, మంచు కాస్త తెల్లబడడం. వానలు మొదలయ్యాక అదీ అనుమానమే. ఆ రోజు మబ్బు ఇంటి చూరు దాకా దిగి కూర్చుంది. గంగ పొయ్యి మీంచి రాగిపిండితో కాచిన చోడంబలి కుండ దింపి గిన్నెల్లో పోసింది. మామ భీముడికొకటి, ఆడపడుచు బేబికొకటి, తనకొకటి. ఇంకొకటి చేత్తో పట్టుకుని గడప దాటి, చూరు కింద రాతిపలక మీద పెట్టి వచ్చింది. అది ఆమె మొగుడు ఫల్గుణది. ఫల్గుణ నిరుడు మిరియాల కోతలప్పుడు చెట్టు మీంచి పడి చనిపోయాడు.

ఆమె లోపలికి వచ్చేసరికి ఇంటి వెనక కాఫీ తోటలోంచి చప్పుడు మొదలైంది. టక్. కాసేపాగి మళ్లీ, టక్. సిల్వర్ ఓక్ చెట్టుకి ఆనించి ఉన్న ఒంటి వెదురు నిచ్చెన గాలికి కదిలి మానును కొడుతోంది. కణుపుల దగ్గర కొమ్మల్ని పొట్టిగా నరికి వదిలేసిన వెదురు అది. వాటి మీద కాలు వేసి ఎక్కి మిరియాలు కోస్తారు. ఫల్గుణ చివరిసారి ఎక్కింది దాని మీదే.

ప్రాణం తీసిన వస్తువును పనసగుడలో ఎవరూ ముట్టుకోరు. చనిపోయినవాడికి రాయి నిలబెట్టే రోజున ఇంటి పెద్ద ఆ రాయి ముందు కూర్చుని, నువ్వు ఇలా పోయావు, ఇక తిరగొద్దు, పెద్దల్లో కలిసిపో అని జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఆ తర్వాతే ఆ వస్తువును తన చేత్తో కాల్చేయాలి. ఫల్గుణ రాయిని వేసవిలోనే నిలబెట్టారు. తండ్రి భీముడు చెప్పాల్సింది చెప్పాడు. ఆ సాయంత్రం నిచ్చెన ఎప్పటిలాగే టక్కుమంది. కొడుకు ఇంకా దిగలేదని భీముడు దాని జోలికి పోలేదు.

ఇప్పుడు కూడా ఆయన గొంగడి కప్పుకుని చూరు కింద నిలబడి తోట వైపు చూస్తున్నాడు.

"దిగు నాయినా. సలిగా ఉన్నాది. అంబలి సల్లారిపోతంది," అన్నాడు మెల్లగా.

నిండు నెలల కడుపుతో పుట్టింటికి వచ్చిన బేబి గోడకి ఆనుకుని కూర్చుంది. తండ్రి మాటలు విని కళ్లు తుడుచుకుని, ఎప్పటిలా వేళాకోళంలోకి దిగింది. "మాయన్న బతికున్నప్పుడే పిలుస్తే పలికేవోడు కాదు. ఇప్పుడు పలుకుతాడేటి అయ్యా? నువ్వొచ్చి తాగు."

భీముడు లోపలికి వస్తుండగా ధర్మ గొంతు వినిపించింది. ఊళ్లో కూడిక ఎప్పుడు జరిగినా ఇల్లిల్లూ తిరిగి కబురు చెప్పేది ధర్మే.

"పెద్దయ్యా, సాయంత్రం రాళ్ల కాడ కూడిక. రవిబాబు కూడా వస్తాడంట. ఎల్లుండే కద ఓట్లు. నువ్వొచ్చి మాట సెప్పీయాల," అన్నాడు.

"సెప్పడానికేటుంది? అదుగో, మాట అక్కడున్నాది," అంటూ భీముడు ఇంటి దూలం వైపు చూపించాడు.

దూలానికి అడ్డాకుల పొట్లం ఒకటి వేలాడుతోంది. పొగకి నల్లబడింది. అందులో ఉన్నది గుప్పెడు బియ్యం. పనసగుడలో మాట ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే గుప్పిట్లో బియ్యం పట్టి, ఆకులో కట్టి, ఇచ్చినవాడి ఇంట్లో వేలాడదీస్తారు. మాట నెరవేరాక ఆ బియ్యం వండుకు తింటారు. మాట వెనక్కి తీసుకోవాలంటే ఊరి ముందు ఆ పొట్లాన్ని పుచ్చుకున్నవాడి చేతిలో తిరిగి పెట్టాలి. అలా పెట్టినవాణ్ణి ఊళ్లో బతికున్నవాళ్లెవరూ చూడలేదు. ఫల్గుణ కర్మ నాడు భీముడు సర్పంచి రవిబాబుతో కలిసి బియ్యం పట్టాడు. కొడుకు శవాన్ని తన జీపులో రోడ్డున్నంత దాకా తెచ్చి, కిరాయి కూడా పుచ్చుకోకుండా, మీద కప్పే కోరాగుడ్డ కూడా తనే కొన్న మనిషికి వచ్చే ఓట్లలో ఊరి ఓట్లన్నీ వేయిస్తానన్నది ఆ మాట.

ఊరి ఓట్లు భీముడి ఓట్లేనా అంటే, అవును. పెద్ద గడప అనే ఆ ఇంటి పెద్ద ఊరి మధ్య రాళ్ల దగ్గర కూర్చుని ఏ గుర్తు పేరు చెబితే ఊరంతా ఆ గుర్తుకే వేస్తుంది. ఎందుకని అడిగినవాళ్లు లేరు.

ధర్మ వెళ్లగానే గంగ గిన్నె కింద పెట్టింది.

"మామా, ఈ పాలి మాట సెప్పకు."

"ఏటీ?"

"సెప్పొద్దంటన్నాను. కత్తెర గుర్తు సోములమ్మ నిన్న కింద గూడెంలో మాటాడింది. మన రోడ్డు కంకర పోసి ఎందుకొగ్గేసేరో ఆపీసుకెల్లి అడిగిందంట. అడివి ఆపీసోళ్ల ఒప్పుదలకి పంచాయతీ తీర్మానం రాసి పంపితే సాలంట. రవిబాబు ఇన్నాళ్లూ పంపనేదంట. నిజమో కాదో ఆయన్ని అడుగుదాం. అడిగేకే ఎవరికెయ్యాలో సూద్దాం."

"నానడగను," అన్నాడు భీముడు, అంబలి తాగుతూనే.

"అడిగితే ఏటవుతాది?"

"ఏదోటి తెలుస్తాది. తెలిస్తే ఇచ్చిన మాట ఊగుతాది. అందుకే అడగను. మీ అత్త ఓటెయ్యడానికెల్లినప్పుడు ఏటి తెలుసుకుని ఎల్లింది? మా అయ్య ఏటి తెలుసుకున్నాడు? అన్నీ తెలిసినోడే ఓటెయ్యాలంటే ఈ కొండ మీద ఒక్కడూ మిగలడు."

"అన్నీ తెలవక్కర్లేదు మామా. ఆ గుంట, మన బేబి, రేపో మాపో కనాల. దాన్ని ఏ దారిన దింపుతామో అదొక్కటి తెలిస్తే సాలు."

బేబి నవ్వబోయి ఆగింది. గంగ అన్నది నిజమే. వానలకి కింది దారి బురదైపోయింది. నొప్పులొస్తే కర్రకి దుప్పటి కట్టి డోలీలో మోసుకుపోవాల్సిందే. ఆ ఇంట్లో డోలీ పేరెత్తితే ముగ్గురికీ గుర్తొచ్చేది ఒక్కటే. భీముడు గిన్నె సగంలో వదిలేసి, పార భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

పొద్దెక్కాక వాన తెరిపిచ్చింది. గంగ కాఫీ మొక్కల మొదళ్లలో కలుపు తీస్తుంటే బేబి గట్టు మీద కూర్చుని కబుర్లు చెబుతోంది. ఇద్దరికీ వీపు వెనకే ఆ సిల్వర్ ఓక్ చెట్టు. నిచ్చెన చుట్టూ మిరియాల తీగ ఒకటి పాకి, రెండు కణుపుల మీద ఆకులు కూడా వేసింది.

"వదినా, నువ్వు పొద్దున అడిగింది రోడ్డు గురించి కాదు," అంది బేబి ఉన్నట్టుండి. "నీ మొహం నాకు తెలుసు. ఏటో దాస్తన్నావు."

గంగ కొడవలి పక్కన పెట్టింది. ఇన్నాళ్లూ దాచింది చాలా బరువైపోయింది. ఎవరితోనైనా అంటే తేలికవుతుందేమోనన్న ఆశతో చెప్పేసింది.

"చిట్టెమ్మ తెలుసు కద, రవిబాబు జీపు డ్రైవరు పెళ్లాం. మీ అన్న పోయిన రెండు నెలలకి అనంతగిరి సంతలో కనిపించి నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు మనోళ్లు మీ అన్నని డోలీలో దింపి తారురోడ్డు మీదెట్టేరు. ధర్మ రవిబాబుకి ఫోన్ సేసేడు. వస్తన్నాను, అక్కడే ఉండండి అన్నాడు. అప్పటికి జీపు కటికి జలపాతం కాడుంది. టూరిస్టుల బేరం. డ్రైవరు ఫోన్ సేసి, బాబూ, ఈళ్లనొగ్గేసి ఎల్లనా అనడిగేడంట. బేరం అయ్యేక ఎల్దువులే అన్నాడంట."

బేబి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"మనం సీకటి పడేదాకా కాసేం," అంది గంగ. "ఎస్.కోట ఎల్లే కేబేజీల వేను ఆగింది. అందులో ఎక్కించీద్దామన్నారు మనోళ్లు. మామే వద్దన్నాడు. సర్పంచి వస్తానన్నాడు, మనం ఎల్లిపోతే బాగోదు అన్నాడు. వేను ఎల్లిపోనాది. జీపొచ్చేసరికి మీ అన్నకి ఊపిరి నేదు."

చెట్టు దగ్గర నిచ్చెన ఒకసారి టక్కుమంది. గాలి ఉన్నట్టు లేదు. బేబి వెనక్కి తిరిగి చూడలేదు.

"అయ్యకి సెప్పకు," అంది. "నీ కాళ్లట్టుకుంటాను వదినా. రవిబాబు మంచోడనుకుని బతుకుతున్నాడు ముసిలోడు. అది కూడా తీసేస్తే ఏటుంటాది ఆయనకి? రవిబాబు ఉంగరం గుర్తుకే ఏసుకోనీ. తెలిసి ఏసినా తెలీక ఏసినా పెట్టెలో పడేది ఒక కాయితమే."

"ఆయన ఒక్కడి ఓటయితే నాను నోరు మూసుకుందును."

"నాకు నొప్పులొస్తే మోసుకెల్తారులే. అందరూ అలాగే కనలేదేటి?"

"మీ అన్ననీ మోసుకెల్లేం," అంది గంగ.

అలా అన్నందుకు వెంటనే బాధపడి ఆడపడుచు పక్కన కూలబడింది. బేబి ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. పోయిన మనిషి ఒకరికి మొగుడు, ఇంకొకరికి అన్న. ఇద్దరి ఏడుపూ ఒకటే అయినా, ముసలాయనకి చెప్పాలా వద్దా అన్న దగ్గర మాత్రం ఇద్దరూ చెరో వైపే ఉండిపోయారు.

మూడో జాము దాటుతుండగా రవిబాబు వచ్చాడు. కూడికకి ముందు పెద్దాయన్ని ఇంట్లోనే పలకరించి వెళ్లడం మర్యాదని ఆయనకి తెలుసు. జీపు కింద కంకర దగ్గర ఆపి, ప్యాంటు మడతపెట్టి, బురదలో నడిచి వచ్చాడు. చేతిలో బేబికి పళ్ల సంచీ. రాక్షసుడిలా ఉంటే మనిషిని తిట్టుకోవడం సులువు. రవిబాబు అలా ఉండడు. గడపలో చెప్పులు విప్పి, చూరు కింద రాతిపలక మీది అంబలి గిన్నెకి దణ్ణం పెట్టి లోపలికొచ్చాడు.

"ఎలాగున్నావు పెద్దయ్యా? ఫల్గుణ లేని ఇల్లు సూస్తే నాకే గుండె పట్టేస్తాది. నాకు తమ్ముడి లాంటోడు."

"కూకో బాబూ," అన్నాడు భీముడు. దూలం మీది పొట్లాన్ని చూపిస్తూ, "అలాగే ఉన్నాది సూడు," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం కాస్త వెలిగింది.

గంగ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఇవ్వాల్సింది ఇచ్చేసి వెళ్లిపోవాలనే అనుకుంది. లోపలి గదిలోంచి బేబి తల అడ్డంగా ఊపుతూ సైగ చేస్తోంది. వెనక తోటలో నిచ్చెన టక్కుమంది. గంగ నోటి నుంచి మాట దానంతటదే వచ్చేసింది.

"ఆ రోజు జీపు ఎక్కడున్నాది బాబూ?"

రవిబాబు నీళ్లు తాగుతూ ఆగాడు. "ఏ రోజమ్మా?"

"ఆయన పోయిన రోజు."

"గంగా, లోపలికెల్లు," అన్నాడు భీముడు.

"ఏదో పని మీద ఎల్లింది... దారిలో ఆలీసమైంది," అన్నాడు రవిబాబు చెంబు కింద పెడుతూ. ఆయన కళ్లు గంగని దాటి గోడ మీదికి పోయాయి.

"లోపలికెల్లమన్నానా," అని భీముడు గట్టిగా అరిచాడు. ఆ ఇంట్లో ఆయన గొంతు అంత పెద్దగా ఎప్పుడూ లేవలేదు. తర్వాత రవిబాబు వైపు తిరిగి, "నువ్వు పద బాబూ. నాను ఎనకే వస్తాను," అన్నాడు. రవిబాబు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆయన వాకిలి దాటాడో లేదో భీముడు కోడలి మీద విరుచుకుపడ్డాడు.

"ఇంటికొచ్చిన మనిషిని అలాగడుగుతారేటి? నా కొడుకుని మోసుకొచ్చిన మనిషాయన. మీ సంతలో ఎవత్తో ఏటో అంటాది. ఇంటికొచ్చి నువ్వు..."

"సంతలో అన్నారని నీకెలా తెలుసు మామా?"

భీముడు ఆగిపోయాడు.

"నాను ఇంట్లో ఎవరికీ సెప్పనేదు. బేబికి ఇయ్యాలే సెప్పేను. నీకెవరు సెప్పేరు?"

"నాకెవరూ సెప్పనేదు. సెప్పబోతే ఇననేదు. సంతలో ఏటో అన్నారని ధర్మ రెండుసార్లు నోరిప్పేడు. ఒద్దురా అన్నాను. నువ్వూ సెప్పకు," అంటూ భీముడు రెండు చెవులూ మూసుకున్నాడు. అంత పెద్దమనిషి పసిపిల్లాడిలా చెవులు మూసుకుని నిలబడితే గంగకి కోపం పోయి భయం వేసింది.

ఆమె దగ్గరకెళ్లి ఆయన చేతులు కిందికి దించింది. "సెప్పన్లే. నాకొక్కటి సెప్పు. నీకు తెలీదేటి మామా?"

భీముడు గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు.

"సీటు తడిగా ఉన్నాది," అన్నాడు.

గంగకి అర్థం కాలేదు.

"జీపులో ఎనక సీటు. ఆడి తల ఒళ్లో ఎట్టుకుని కూకున్నాను కద. నా పంచె తడిసిపోనాది. నెత్తురనుకున్నాను. తడిమి సూసుకుంటే నీళ్లు. ఆ నెల్లో వాన సుక్క పడనేదు గంగా. కాళ్ల కింద ఇసక. ఎవరిదో తువ్వాలు, పిండితే నీళ్లు కారేలాగున్నాది. దాన్నే మడిసి ఆడి తల కిందెట్టేను. ఈ నీళ్లెక్కడివని డ్రైవర్ని అడుగుదామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. అడగనేదు."

బేబి గుమ్మం పట్టుకుని వింటోంది. ఆమె ఏడవడం లేదు, రెప్ప కూడా వేయడం లేదు.

"ఎందుకడగనేదయ్యా?" అంది.

"అడిగితే రవిబాబు సెడ్డోడైపోతాడే. ఆడు సెడ్డోడైతే ఆ కేబేజీల వేనుని పంపించేసినోడు ఎవడు?" భీముడు రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు. "నానే కద ఎల్లిపొమ్మన్నాను. సర్పంచి వస్తాడు, కాసుకుందాం అన్నది నాను. ఆడు మంచోడయితే నాను ఆగమన్నది తప్పు కాదు. కాకపోతే నా కొడుకుని నానే ఆపేను. రాయి కాడ కూడా ఆడికి అబద్దం సెప్పేను. జీపు బేగినే వచ్చింది, నీ ఆయుష్షే సాల్నేదురా అన్నాను. ఆడికి తెలీదేటి? అందుకే దిగడం నేదు."

గంగ ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ మామని ముట్టుకుని మాట్లాడిన మనిషి కాదు. ఇప్పుడు ఆయన ముడతలు పడ్డ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వు నమ్మి ఆపేవు మామా. వస్తానన్నోణ్ణి నమ్మడం తప్పు కాదు. నానూ నమ్మేను. రోడ్డు మీద ఆయన పక్కనే కూకుని, వస్తంది వస్తంది అని నానే సెప్పేను. ఆయన నా మాటిని కళ్లు మూసుకున్నాడు. దానికి నిన్నెవరూ అనరు. కానీ ఇయ్యాల అలాగ కాదు. సీటు తడి అని నీకు తెలుసు. తెలిసి కూడా రాళ్ల కాడ కూకుని ఊరందర్నీ మళ్లీ ఆ జీపు కోసమే కాయమంటే అది నమ్మడం కాదు మామా."

భీముడి కళ్లలోంచి నీళ్లు కారి గడ్డంలోకి ఇంకిపోతున్నాయి. బేబి మెల్లగా వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. నాన్న తట్టుకోలేడని భయపడిన మనిషి ఇప్పుడు నాన్న వీపు రాస్తోంది. తాము దాచాలనుకున్నది ఆయనకి మొదటి రోజు నుంచే తెలుసనీ, ఇన్నాళ్లూ ఆ ఇంట్లో తండ్రీ వదినా ఒకే దెయ్యాన్ని విడివిడిగా మోస్తున్నారనీ ఆమెకి అప్పుడర్థమైంది.

కాసేపటికి భీముడు లేచాడు. పీట వేసుకుని ఎక్కి, దూలానికి వేలాడుతున్న పొట్లం ముడి విప్పాడు.

ఊరి మధ్య పెద్దలు కూర్చునే రాళ్ల చుట్టూ జనం చేరారు. మంచు మళ్లీ దిగుతోంది గానీ వెలుతురింకా ఉంది. రవిబాబు నవ్వుతూ లేచి పెద్దాయనకి చోటిచ్చాడు. భీముడు కూర్చోలేదు. నల్లబడ్డ పొట్లాన్ని రవిబాబు చేతిలో పెట్టాడు. చేరినవాళ్లంతా ఒక్కసారి దగ్గరికి జరిగారు.

"నీకు మాటిచ్చినప్పుడు నాకు తెలియాల్సింది తెలుసుకోకుండా ఇచ్చేను బాబూ. తెలుసుకుంటే నా తప్పు కూడా బయటపడుతాదని భయపడ్డాను. జీపు ఆ రోజు ఎక్కడున్నాదో ఊరికి సెప్పు. నిన్ను తిట్టడానికి కాదు. నా కొడుకుకి నాను నిజం సెప్పుకోవాల."

రవిబాబు పొట్లం వైపు చూస్తూ ఉండిపోయాడు. తిరిగొచ్చిన మాట బియ్యం చేతిలో పెట్టుకుని అబద్ధం ఆడడం ఆ కొండల్లో పుట్టిన ఎవరికైనా కష్టమే.

"కటికి కాడున్నాది," అన్నాడు చివరికి. "డ్రైవరు అడిగేడు. బేరం అయ్యేక ఎల్లమన్నాను. కాలో సెయ్యో ఇరిగుంటాదనుకున్నాను పెద్దయ్యా. దెబ్బ ఎంతని నాను అడగనేదు."

"నువ్వూ అడగనేదా," అన్నాడు భీముడు. అందులో కోపం లేదు. తన లాంటి మనిషి ఇంకొకడు దొరికినట్టు రవిబాబు ముఖంలోకి చూశాడు. "రోడ్డు తీర్మానం ఎందుకు పంపనేదో అది కూడా ఈళ్లడుగుతారు. సెప్పు. రేపు సోములమ్మ వస్తే ఆవిణ్ణీ కూకోబెట్టి అడగండి. ఆవిడ మాత్రం సెప్పిందల్లా సేస్తాదని నాకేటి తెలుసు? ఈ పాలి నా మాట నేదు. ఎవరి ఓటు ఆళ్లే ఏసుకోవాల. అడిగి, తెలుసుకుని ఎయ్యండి."

"నువ్వు సెప్పకపోతే మాకెలాగ పెద్దయ్యా?" అన్నాడు ధర్మ బెంగగా.

"నాకూ తెలీదురా," అని భీముడు వెనక్కి తిరిగాడు. ఆయన వెనక రాళ్ల దగ్గర ఒకేసారి చాలా గొంతులు లేచాయి. అడగడం మొదలెట్టాక పనసగుడ వాళ్లని ఆపడం కష్టమని ఆ సాయంత్రం రవిబాబుకి తెలిసొచ్చింది.

భీముడు ఇంటికి పోలేదు. నేరుగా తోటలోకి నడిచి సిల్వర్ ఓక్ చెట్టు కింద నిలబడ్డాడు. గంగా బేబీ కొంచెం దూరంలో ఆగారు.

"ఒరే నాయినా," అన్నాడు పైకి చూస్తూ. "జీపు బేగి రానేదురా. ఆలీసంగా వచ్చింది. ఆళ్ల బేరం అయ్యేక వచ్చింది. వేను వస్తే నానొద్దన్నాను. నిన్ను ఎక్కిస్తే బతుకుదువో నేదో నాకు తెలీదు. ఆపింది మాత్రం నానే. నీకు అబద్దం సెప్పేను. ఇంక సెప్పను. దిగు నాయినా."

పై కొమ్మల్లో గాలి కదిలింది. భీముడు వెదురుని రెండు చేతులతో పట్టుకున్నాడు. పాకిన మిరియాల తీగ దాన్ని వదల్లేదు. గంగ కొడవలి తెచ్చి తీగ తెంపింది, వద్దన్నా వినకుండా బేబి కూడా ఒక చెయ్యి వేసింది. నిచ్చెన మెల్లగా వంగి నేల మీదికి వచ్చింది. భీముడు దాని పక్కనే కూలబడి, కొడుకు పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాడు. గంగ ఆపలేదు. ఏడవనిచ్చి, తర్వాత పొయ్యిలోంచి నిప్పు తెచ్చి ఆయన చేతికిచ్చింది. తడి వెదురు వెంటనే అంటుకోలేదు. అంటుకున్నాక కణుపులు ఒక్కొక్కటీ పేలి, చాలాసేపు కాలింది.

ఓట్ల రోజు పొద్దున గంగ అంబలి గిన్నెలు వరుసగా పెట్టింది. చివరిది చేత్తో పట్టుకుని బయటికి నడవబోతే చూరు కింద కూర్చున్న భీముడు చెయ్యి చాచాడు.

"నిన్నంతా సెవి పెట్టే ఉన్నాను. ఇయ్యాలా వినబడ్డం నేదు," అన్నాడు.

"దిగీసేడు మామా."

ఆయన తలాడించాడు. ఆ గిన్నె తీసుకుని బేబి ముందు పెట్టాడు. "ఇది కూడా తాగు గుంటా. ఒక్క గిన్నె నీకేటి సరిపోద్ది? ఇద్దరున్నారు."

బేబి రెండు గిన్నెలూ తాగింది. తర్వాత ముగ్గురూ కండువాలు కప్పుకుని కింది బడికి బయల్దేరారు. ఊరంతా నడుస్తోంది. నిన్న సోములమ్మని అడిగినవీ, మొన్న రవిబాబుని అడిగినవీ ఇంకా తేలలేదు. దారంతా ఇంటికో మాటగా వాదులాడుకుంటున్నారు. ధర్మా వాళ్లావిడా అయితే దారి మధ్యలో ఆగి మరీ పోట్లాడుకుంటున్నారు.

"నువ్వెవరికేస్తావు మామా?" అంది గంగ.

"సెప్పను. నా మాట నేదన్నాను కద. నువ్వూ నాకు సెప్పకు."

కంకర దాటి తారురోడ్డు ఎక్కగానే భీముడు ఆగాడు. ఇన్నాళ్లూ ఎటు వెళ్లినా ఆ చోటు వచ్చేసరికి ముఖం తిప్పుకుని నడిచిపోయే మనిషి. కూరగాయల వ్యాను ఒకటి హారన్ కొడుతూ వాళ్ల పక్క నుంచి ఎస్.కోట వైపు దిగిపోయింది. అది మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆయన చూస్తూనే ఉన్నాడు.

"ఇక్కడే కద," అన్నాడు.

"ఇక్కడే మామా."

భీముడు వంగి, రోడ్డు అంచున మట్టిని అరచేత్తో ఒకసారి తాకాడు. తర్వాత లేచి, ఒక చేత్తో కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"పదండి. లైను పెరిగిపోద్ది," అన్నాడు.